ఖాళీ పెట్టె మూయకూడదు

"ఇంకొక్క రవ్వ కొయ్యి మావా," అన్నాడు ప్రమోద్, స్పీకరు మీంచి వేలు తియ్యకుండానే.

అప్పలసూరి రంపం అందుకోలేదు. గొట్టం ముక్కని కంటి దగ్గర పెట్టుకుని ఇటూ అటూ తిప్పి చూశాడు.

"పొద్దుట్నించి రవ్వ రవ్వ అంటా సగం గొట్టం తినీసినావు బావూ. ముక్కు కోసుకోడానికేటుంది, సిటికెలో పని. మళ్ళీ అతికించుకోడం ఎవల్తరం?"

"నా చెవి మీద నమ్మకం లేదా?"

"నీ సెవి మీద ఉన్నాది. నా రంపం మీదే జాలేస్తన్నాది."

నరసన్నపేటలో హైవే పక్కన 'శ్రీ కూర్మనాథ కార్ డెకార్స్' అన్న బోర్డు కింద వీళ్ళిద్దరి సంభాషణ ఎప్పుడూ ఇలాగే ఉండేది. ప్రమోద్ కోమట్ల బిడ్డ. తండ్రి భీమశంకరరావు బజార్లో బట్టల కొట్టు చూసుకుంటాడు. కొడుకు మాత్రం గజంబద్ద వద్దనుకుని, కార్లకి పాటలు బిగించే కొట్టు పెట్టుకున్నాడు. కోమటాయన కొడుక్కి ఈ డబడబల గోలేమిటని బజారంతా నవ్వినా వెనక్కి తగ్గలేదు. అప్పలసూరి వడ్రంగి. ఒకప్పుడు గుమ్మాలూ తలుపులూ చేసినవాడు, ఇప్పుడు ప్రమోద్ దగ్గర డిక్కీల్లో పెట్టే బేస్ పెట్టెలు చేస్తున్నాడు.

ఈ పెట్టెల్లో రెండు రకాలున్నాయి. అన్ని పక్కలా మూసేసిన పెట్టె ఒకటి. అది దెబ్బ కొట్టి ఊరుకుంటుంది, శుభ్రంగా, తక్కువ మాటల మనిషిలా. రెండోదానికి ముందువైపు ఒక గొట్టం ఉంటుంది. అది కొట్టడమే కాదు, గొట్టంలోంచి ఊపిరి కూడా వదులుతుంది, కాబట్టి మోత ఎక్కువ. కానీ ఆ గొట్టం పొడవు కుదరకపోతే పాట పాటలా ఉండదు, కడుపుబ్బరం వచ్చిన గేదెలా మూలుగుతుంది. పెట్టె చేయించుకోడానికొచ్చిన జయకృష్ణని ఏది కావాలో అడిగితే అతను క్షణం ఆలోచించలేదు.

"నా బండి నౌపడ గేటు దగ్గర ఉంటే భావనపాడు ఒడ్డున మావోళ్ళకి తెలిసిపోవాల బావా. గొట్టం పెట్టే కావాల."

జయకృష్ణకి ఆ ఒడ్డున రొయ్యల చెరువులున్నాయి. కొత్త కారు కొన్నాడు. నోరు పెద్దది, బంధుబలగం ఇంకా పెద్దది. "నీ పని బాగుంటే మా బావమరుదుల బళ్ళన్నీ నీ కొట్టుకే తోలుకొస్తాను," అన్నాడు. ఆ ఒక్క మాట ప్రమోద్ గుండెలో దిగిపోయింది. ఇన్నాళ్ళూ ఆటోలకీ పాత కార్లకీ పని చేసిన కొట్టు అది. సముద్రం పక్క బళ్ళన్నీ వచ్చి ఇక్కడ ఆగితే, నవ్విన బజారు నోరు మూసుకుంటుంది.

అందుకే ఈ తిప్పలు. ఫోనులో గుర్రుమనే ఒకే స్వరం పెట్టి, దాన్ని మెల్లగా కిందికి దించుకుంటూ, స్పీకరు మీద వేలు ఆనించి కూచుంటాడు ప్రమోద్. ఒకచోట స్పీకరు కదలడం మానేస్తుంది. సరిగ్గా అప్పుడే గొట్టం మూతి దగ్గర గుచ్చిన అగరొత్తి పొగ చెదిరిపోతుంది. అదీ ఆ పెట్టె శ్రుతి. గొట్టం పొడుగైతే శ్రుతి లోతుకు దిగుతుంది, కోసేకొద్దీ పైకి లేస్తుంది. జయకృష్ణకి డప్పు దెబ్బ గుండెకి తగలాలి, దానికి శ్రుతి ఇంకాస్త పైకి రావాలి. అప్పలసూరి గొణుక్కుంటూనే ఉంగరమంత సన్నగా ఒక ముక్క కోసి పారేశాడు. ప్రమోద్ మళ్ళీ వేలు ఆనించాడు. వేలి కింద స్పీకరు నిలిచిపోయింది, పొగ చెదిరింది. పాట పెడితే డప్పు వచ్చి ఇద్దరి రొమ్ముల మీదా తట్టింది.

"ఆఁ!" అన్నాడు అప్పలసూరి. ఆ మనిషి మెచ్చుకోలు అంతకన్నా పొడుగుండదు.

ఇంక మిగిలింది లోపలి గోడకి దూది పరిచి, స్పీకరు మరలు బిగించడమే. అప్పలసూరి స్పీకరు ఊడదీసి, తడిగుడ్డతో పెట్టె లోపలంతా తుడిచాడు. చెయ్యి లోపలికంటా పోనిచ్చి, అరచేత్తో అంచులన్నీ తడిమాడు. రంపంపొట్టు రవ్వ ఉన్నా, జిగురు ఉండ కట్టినా బేసుకి గలగల్లాడతాయని అతని చాదస్తం. "పెట్టిలో కాళీ తప్ప ఇంకేటీ ఉండకూడదు బావూ. కాళీయే మన సరుకు," అని అందరికీ చెబుతుంటాడు. ఆరోజు ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందని మాత్ర వేసుకున్నాడు కూడా. దూది అంటించి, "టీ నీల్లు తాగొస్తాను, నానొచ్చి మరలు బిగిస్తాను," అని పక్కనున్న నారాయణమ్మ బడ్డీకి వెళ్ళాడు.

ప్రమోద్ చొక్కా జేబులోంచి చిన్న మూట తీశాడు. ఆ పొద్దున తల్లి కాంతం ఇచ్చిన ముడుపు అది. పసుపులో తడిపిన పొందూరు ఖద్దరు పీలికలో ఒక పాత రూపాయి బిళ్ళ, గుప్పెడు అక్షింతలు. "కొట్టుకి పెద్ద బేరం వచ్చిందన్నావు కదా, గల్లాపెట్టెలో వేసుకో," అంది ఆవిడ. వాళ్ళింట్లో ట్రంకు పెట్టె కొన్నా, బీరువా కొన్నా, చివరికి పోపులపెట్టె మార్చినా రూపాయో అక్షింతలో వెయ్యకుండా మూత పెట్టరు. ఖాళీ పెట్టె మూయకూడదు, లక్ష్మి అలుగుతుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ విన్న మాట. వీధిలో డెకార్స్ ఓనరే గానీ, కడుపులో కాంతమ్మ కొడుకే కదా!

గల్లాపెట్టె కన్నా ఈ పెట్టెకే అదృష్టం ఎక్కువ అవసరం అనిపించింది. అప్పలసూరికి చెబితే ఒప్పుకోడు, పైగా నలుగురికీ చెప్పి నవ్విస్తాడు. బడ్డీ వైపు ఒకసారి చూసి, ముడుపుని పెట్టె మూలకి నెట్టి, దాని మీద టేపు అంటించి, పైన దూది సర్దేశాడు. దండం పెట్టుకోబోతుంటే చెప్పుల చప్పుడైంది. చేతులు దించేసి స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

*

వారం తిరక్కుండానే జయకృష్ణ కారు కొట్టు ముందు కీచుమని ఆగింది. దిగిన వాలకం చూస్తేనే మంచి కబురు కాదని తెలిసిపోయింది.

"పరువు తీసీసినావు కదా బావా!" అన్నాడు దిగుతూనే. "మా మేనమావ కొడుకు పెళ్ళి ఊరేగింపులో నా బండిని ముందు పెట్టినాను. ఇంతమందీ ఏటన్నారో తెలుసా? డిక్కీలో జోరీగని పెంచుతున్నావేటని! ఆడోళ్ళు కూడా నవ్వినారు!"

డిక్కీ తలుపెత్తి పాట పెట్టాడు. మొదట డప్పు బాగానే మోగింది. దెబ్బ లోతుకు దిగినప్పుడల్లా దాని వెనకే జిర్ర్‌మని ఒక రొద. నిజమే, జోరీగే. నారాయణమ్మ బడ్డీ దగ్గర టీ తాగుతున్న లారీవాళ్ళు గ్లాసులు పట్టుకుని ఇటు వచ్చి నిలబడ్డారు. వాళ్ళ వెనకాల చేతులు చీర చెంగుకి తుడుచుకుంటూ నారాయణమ్మ కూడా వచ్చింది.

ప్రమోద్‌కి చెమటలు పట్టాయి. "నంబరు ప్లేటు అదురుతోందేమో," అన్నాడు. అప్పలసూరి ప్లేటు పట్టుకున్నాడు, రొద ఆగలేదు. డిక్కీ రేకు నొక్కాడు, ఆగలేదు. పెట్టె చుట్టూ అరచేత్తో తడిమి చూసి, మరలన్నీ బిగించి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"పైన ఏటీ వదుల్లేదు బావూ. లోపల్నించొస్తన్నాది."

ప్రమోద్ వంగి గొట్టం మూతి దగ్గర చెవి పెట్టబోయాడు. చెవి పెట్టకముందే కన్ను పడింది. గొట్టం కింద, డిక్కీలో పరిచిన నల్లటి గుడ్డ మీద, పచ్చటి బియ్యపు గింజ ఒకటి ఉంది.

అక్షింత. అతని అక్షింత.

ఎండకి డిక్కీ కాగిపోయి టేపు ఊడి ఉంటుంది. నేత పీలిక ముడి వదులై ఉంటుంది. ఊపిరి వదిలే పెట్టె కదా, లోపలున్నదాన్ని బయటికి ఊదేసింది. ఇదంతా ప్రమోద్‌కి రెప్పపాటులో తెలిసిపోయింది, ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అరచెయ్యి ఆ గింజ మీద ఆనించి, చెమటకి అది చేతికి అంటుకోగానే పిడికిలి మూసేశాడు.

"ఏటి బావా, ఏటుంది లోపల?" అన్నాడు జయకృష్ణ.

చెప్పొచ్చు. నవ్వుతారు, అంతే కదా. సౌండు పెట్టెలో బియ్యం పోశాడట కోమటాయన అని పేట నుంచి భావనపాడు దాకా నవ్వుతారు. బావమరుదుల బళ్ళు రావు. బజారు మొదటే నవ్వింది, ఇంకోసారి నవ్వుతుంది. ప్రమోద్ నిటారుగా నిలబడ్డాడు. తన నోట్లోంచి వచ్చిన మాట తనకే కొత్తగా వినిపించింది.

"సూరి మావా, నిజం చెప్పు. ఆరోజు తాగొచ్చి పన్జేశావు కదూ?"

అప్పలసూరికి మొదట అర్థం కాలేదు. మరింకెవరినో అంటున్నాడనుకుని వెనక్కి తిరిగి చూశాడు కూడా. వెనక లారీవాళ్ళు తప్ప ఎవరూ లేరు.

"నానా?" అన్నాడు.

కిందటేడు తాగిన మత్తులో ఎవరింట్లోనో గుమ్మం వంకరగా నిలబెట్టి, ఆ ఇంటివాళ్ళు దాన్ని పీకి వీధిలో పారేస్తే, ఆ గుమ్మం పక్కనే కూచుని ఏడ్చిన మనిషి అతను. ఆరోజు నుంచి సీసా ముట్టుకోలేదు. పేటంతా ఎరుగుదురు. ప్రమోద్ ఇంకా బాగా ఎరుగును, ఆ మాట మీదే కదా పనిలో పెట్టుకున్నాడు.

"ఒగ్గీసి ఏడాది దాటిపోనాది బావూ. నీకు తెల్దేటి? ఆరోజు కాస్త జొరం..." అని ఆగిపోయాడు. తన చేతుల వైపు చూసుకున్నాడు.

"జొరమూ లేదు, గిరమూ లేదు. లోపల జిగురు ఉండ కట్టేసింది. ఒంటి మీద తెలివుండి చేస్తే ఇలా అవుతుందా?"

"వాసన రాకుండా తాగీ వోళ్ళని శానామందిని సూసినాం లే," అన్నాడు జయకృష్ణ. లారీవాళ్ళలో ఎవరో నవ్వారు.

అప్పలసూరి నోరున్న మనిషి. ఇంకోరోజైతే ఇద్దరినీ కడిగి ఆరేసేవాడు.  ఆరోజు మాత్రం లోపలికెళ్ళి చిత్రికా, ఉలులూ, రంపమూ గోనెసంచిలో సర్దుకున్నాడు. సంచి భుజాన వేసుకుని ప్రమోద్ ముందు నుంచే, మొహం ఎత్తకుండా వెళ్ళిపోయాడు. ప్రమోద్ పిడికిట్లో గింజ ఇంకా అలాగే ఉంది.

*

పెట్టెని వెనక గదిలోకి తెచ్చుకుని, తలుపు వేసుకుని, స్పీకరు ఊడదీశాడు ప్రమోద్. దూది చిరిగి వేలాడుతోంది. పసుపు పీలిక ఒకపక్క, రూపాయి బిళ్ళ ఒకపక్క, అక్షింతలు అడుగంతా. ఒక్కొక్క గింజే ఏరుతుంటే చెయ్యి లోపలి అంచులకి తగిలింది. ఎక్కడా ఒక్క జిగురు ఉండ లేదు. పలకకీ పలకకీ మధ్య అతుకు ఎక్కడుందో వేలికి తెలియడం లేదు. అంత నున్నగా చేశాడు ముసలాడు. అప్పుడు సిగ్గేసింది. ఎవరూ చూడకపోయినా చెవులు వేడెక్కాయి, గదిలో ఒంటరిగా కూచుని తల దించుకున్నాడు.

మరలు బిగించి పాట పెడితే డప్పు శుభ్రంగా పలికింది. జయకృష్ణ వచ్చి విని ప్రమోద్ వీపు మీద ఒక్కటి చరిచాడు.

"నీ సేతిలో ఉన్నాది బావా పని! ఆ తాగుబోతోడిని ఒగ్గీసి నువ్వే సేసీ. మా బావమరుదులకి ఫోను కొడతాను."

ప్రమోద్ నవ్వాడు. ఎలా నవ్వాడో అతనికే తెలియాలి.

అన్నం దగ్గర కూచుని తల్లిని అడిగాడు, ఎవరిదో సంగతన్నట్టు. "అమ్మా, పెట్టెలో పెట్టిన ముడుపు మధ్యలో బయటికొచ్చేస్తే ఏం చెయ్యాలి?"

కాంతం మజ్జిగ పోస్తున్న చెయ్యి ఆపింది. "ఎందుకొస్తాదిరా? వచ్చిందంటే ఏదో అపచారం జరిగింది. ఇంట్లో ఉంచకూడదు. దేవుడికి అప్పజెప్పేయాల."

మర్నాడు బండి వేసుకుని శ్రీకూర్మం పోయాడు. బిళ్ళా, అక్షింతలూ, పీలికతో సహా హుండీలో వేశాడు. దాచిపెట్టినదాన్ని దాచిపెట్టే చోటే వేసినట్టయింది. దండం పెట్టుకోబోయి ఆగాడు. ఏమని మొక్కుతాడు? నేను చేసిన పని బయటపడకుండా చూడు స్వామీ అనా?

*

తర్వాత రోజుల్లో కొట్టుకి బేరాలు బాగానే వచ్చాయి. పెట్టెలే కుదర్లేదు. పలాస నుంచి తెప్పించిన రెడీమేడు పెట్టెకి అగరొత్తి చూపిస్తే పొగ అతుకుల్లోంచి పోయింది. ప్రమోద్ దాన్ని తోసేసి నారాయణమ్మ దగ్గరికి టీకి వెళ్ళాడు.

"పాపం, దాలమ్మ కస్టం మళ్ళీ మొదటికొచ్చింది," అంది నారాయణమ్మ టీ వడపోస్తూ. దాలమ్మ అంటే అప్పలసూరి పెళ్ళాం. "ఆయన మళ్ళీ తాగుతన్నాడట కదా. పక్క డెకార్సు వోళ్ళ దగ్గరికెల్తే రానివ్వలేదంట. ఆ పక్క ఇల్లు కడతన్నారు, గుమ్మం పనికి కూడా పెట్టుకోలేదంట."

"తాగుతున్నాడా? ఎవరు చెప్పారు?"

నారాయణమ్మ వింతగా చూసింది.

"ఎవరు సెప్పడమేటి నాయనా? నువ్వే కదా సెప్పినావు, ఇక్కడే, అందరి ముందరా."

టీ గ్లాసు అలాగే బల్ల మీద పెట్టి లేచాడు. బండి ఎటు తిప్పాడో, వంశధార కాలవ గట్టు ఎప్పుడెక్కాడో అతనికి గుర్తులేదు.

అప్పలసూరి ఇల్లు గట్టు కింద ఉంది. వాకిట్లో మనిషి పని చేస్తూ కనిపించాడు. మత్తులో లేడు, గడ్డం మాత్రం పెరిగింది. ఎదురుగా ఒక పెట్టె. అచ్చం జయకృష్ణకి చేసిన పెట్టెలాంటిదే, కొత్త ప్లైవుడ్డుది. ఆ పెట్టె మూలమూలకీ అగరొత్తి పట్టుకుని, పొగ ఎటైనా వంగుతోందేమోనని మొహం ఆనించి చూస్తున్నాడు. ప్రమోద్‌ని చూసి లేచాడు. తిడతాడనుకున్నాడు ప్రమోద్. తిట్టించుకోవాలనే వచ్చాడు.

"నువ్వే వొచ్చినావా బావూ, మంచిదయ్యింది. ఈయాలో రేపో నానే తేవాలనుకున్నాను," అన్నాడు అప్పలసూరి. "ఇది జయకృష్ణబాబుకి ఇచ్చీ. కర్ర నాదే, కర్చు నాదే. ఆయన పరువు పోనాది కదా నా మూలంగా."

"నీ మూలంగా కాదు మావా."

"నా మూలంగానే. తాగలేదు బావూ, మా దాలమ్మ మీదొట్టు. కానీ జొరం మాత్రేసుకున్నాను ఆరోజు. మత్తుగా ఉండింది. లోపల తడిమినాననే అనుకున్నాను. ఆలోచిస్తే తడిమినానో లేదో తెలీడం లేదు." అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "తాగినప్పుడంటే తాగినాననుకుంటాం. తాగకండా కూడా సెయ్యి తప్పిపోతే ఇంకేటి నమ్ముకుని బతకాల? ఈ పెట్టిని ముప్పొద్దులా తడుముతున్నాను. మూసీ దైర్యం రావట్లేదు."

 పనిమంతుడు ఆ మనిషి. పేటలో ఎవరి చెయ్యీ నమ్మనివాడు తన చెయ్యి ఒక్కదాన్నే నమ్మాడు. దాన్ని కూడా తీసేశాడు తను, ఒక్క మాటతో.

"లోపల జిగురు లేదు మావా. నేనే ముడుపు పెట్టాను. బియ్యమూ, రూపాయి బిళ్ళా. నువ్వు టీకి వెళ్ళినప్పుడు. అదే మోగింది. నీ తప్పేమీ లేదు, నీ చెయ్యి తప్పలేదు."

అప్పలసూరి అతని మొహంలోకి చూశాడు. తర్వాత కళ్ళు చెమ్మగిల్లి నవ్వాడు.

"ఒసే దాలమ్మా, విన్నావా? నన్ను ఓదార్సడానికి బియ్యం కత సెప్తన్నాడు బావు!"

"ఓదార్చడానికి కాదు, నిజం!"

"సదువుకున్నోడివి, మిషన్లు తెలిసినోడివి, సౌండు పెట్టిలో బియ్యం పోస్తావేటి నువ్వు? ఏదీ, ఆ బిళ్ళ సూపించు మరి."

 బిళ్ళ శ్రీకూర్మంలో హుండీలో ఉంది.

లోపల్నుంచి దాలమ్మ వచ్చి చేతులు జోడించింది. "మా ముసిలోడి తప్పు నీ మీదేసుకోడానికి ఇంత దూరం ఒచ్చినావు. నీలాంటోళ్ళు ఉన్నారు కాబట్టే వానలు పడతన్నాయి నాయనా. నీ మేలు మరిసిపోం."

తిట్టినా, మొహాన ఉమ్మేసినా భరించేవాడే. ఆ జోడించిన చేతులు చూడలేకపోయాడు. అంత సిగ్గు అతనెప్పుడూ పడలేదు. చెట్టుకి చేరేసిన బండి హ్యాండిలు పట్టుకున్నవాడు వెనక్కి తిరిగాడు.

"మావా, ఈ పెట్టె పట్టుకుని నాతో రా. కొట్టుకి. ఈ ఒక్కసారికి నా మాట విను."

*

ఆటోలో పెట్టె, పెట్టె పక్కన అప్పలసూరి, ముందు బండి మీద ప్రమోద్. దారిలో ఆగి జయకృష్ణకి ఫోను చేశాడు. టెక్కలి దగ్గరే ఉన్నానన్నాడు, ఏటి పనని అడిగాడు. "నీ పెట్టెలో జోరీగ ఏంటో చూపిస్తాను, రా," అన్నాడు ప్రమోద్.

ఇంటికి పోయి తల్లినే అడిగి తెచ్చాడు అక్షింతలు. ఎందుకని ఆవిడ అడిగితే, "నేను చేసిన అపచారం ఒకటుంది," అన్నాడు. 

జయకృష్ణ వచ్చేసరికి పెట్టెని కొట్టు బయట, అందరికీ కనబడేలా బల్ల మీద పెట్టించాడు. స్పీకరు బిగించి, వైర్లు తగిలించి పాట పెట్టాడు. డప్పు మోగింది. ఎక్కడా రొద లేదు. నారాయణమ్మ బడ్డీ దగ్గర జనం మళ్ళీ గ్లాసులతో వచ్చారు. పాట ఆపి, స్పీకరు ఊడదీశాడు.

"ఇప్పుడు చూడండి," అన్నాడు. మళ్ళీ, ఇంకాస్త గట్టిగా అన్నాడు. "అందరూ చూడండి."

జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి పెట్టెలో వేశాడు. పచ్చటి అక్షింతలు గుప్పెడు తీసి వాటిమీద పోశాడు. స్పీకరు మళ్ళీ పెట్టి మరలు తిప్పాడు. స్క్రూడ్రైవరు జారిపోయింది, వంగి ఏరుకున్నాడు. ఎవరూ సాయం చెయ్యలేదు.

పాట పెట్టాడు. డప్పు లోతుకు దిగింది. జిర్ర్...

"ఇదే! ఇదే రొద!" అని అరిచాడు జయకృష్ణ. ఒక్క క్షణం ఆగి, పగలబడి నవ్వాడు. "ఓర్నాయనో, పెట్టిలో బియ్యం పోసినావా బావా? పేలాలు ఏయించుదామనా?" లారీవాళ్ళూ నవ్వారు, నారాయణమ్మ కూడా చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గొట్టంలోంచి ఒక పచ్చటి గింజ ఎగిరి బల్ల మీద పడింది. నవ్వుతున్న జయకృష్ణ కళ్ళు అప్పలసూరి మీద పడ్డాయి. నవ్వు ఆగిపోయింది. తనన్న మాట తనకి గుర్తొచ్చినట్టుంది, తల గోక్కుంటూ కారు వైపు చూశాడు.

"మంచి జరుగుతుందని నేనే పెట్టాను," అన్నాడు ప్రమోద్, నలుగురికీ వినబడేలా. "సూరి మావ తాగలేదు. పెట్టెలో తప్పులేదు. ఆరోజు నేను అబద్ధమాడాను."

అప్పలసూరి పాట వింటూనే ఉన్నాడు. పెట్టె మీద అరచెయ్యి ఆనించి, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆ రొదని వింటున్నాడు. అతని మొహంలోకి మెల్లగా పాత మనిషి తిరిగొచ్చాడు. చెయ్యి తీసి, ఆ చేతినే చూసుకున్నాడు. ఆనక ప్రమోద్ వైపు తిరిగాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

ఇదొక్కటీ అడగడనుకున్నాడు. తర్వాత విప్పి చూస్తే తెలిసిందని చెప్పొచ్చు. ఎవరూ కాదనలేరు. సగం సిగ్గు అక్కడితో తీరిపోతుంది.

"ఆరోజే. గింజ గొట్టం దగ్గర కనబడింది. పిడికిట్లో దాచుకున్నాను."

"నన్ను అనకముందా? అన్నాకా?"

"అనకముందే."

పాట అయిపోయింది. హైవే మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అప్పలసూరి మొహం ఎర్రబడింది. కొడతాడేమో అనుకున్నారు అందరూ. చెయ్యి ఎత్తలేదు. గోనెసంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి, స్పీకరు మరలు ఒక్కొక్కటే ఊడదీశాడు. చెయ్యి లోపలికి పెట్టి రూపాయి బిళ్ళ తీసి ప్రమోద్ చేతిలో పెట్టాడు.

"మీ లచ్చిందేవిని గల్లాపెట్టిలో ఎట్టుకో."

"మావా..."

"ఉండు. ఈ పెట్టి నానే సేసినాను, నానే మూస్తాను. మూసీటప్పుడు నువ్వు దగ్గిరుండకు. ఎల్లి అలగ రోడ్డు మీద నిలబడు. నాను పిలిస్తే రా."

ప్రమోద్ కొట్టు అది. బోర్డు మీద పేరు కూర్మనాథుడిదైనా అద్దె అతనిది, సామానంతా అతనిది. అప్పలసూరి పెట్టెని లోపలికి ఎత్తుకెళ్తుంటే ప్రమోద్ మెట్టు దిగాడు. బడ్డీ దాటి, తారు రోడ్డు అంచున నిలబడ్డాడు. ఎండ మాడ్చేస్తోంది. బజారు వైపు పోయేవాళ్ళు, తండ్రి కొట్టుకొచ్చే ఎరిగినవాళ్ళు, ఒక్కొక్కరూ చూసి పోతున్నారు. లోపల అప్పలసూరి తడిగుడ్డ పిండుతున్న చప్పుడు వినబడింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. అరచేత్తో తడుముతున్నాడన్న మాట. తొందరపడే మనిషి కాదు.

ఖాళీ గ్లాసులు ఏరుకుపోతూ నారాయణమ్మ ఆగింది. ఇందాక జరిగిందంతా విన్నదే. అయినా జాలిపడింది.

"ఎంతసేపని నిలబడతావు నాయనా ఎండలో? నీ కొట్టే కదా, ఎల్లి నీడకి కూకోరాదా?"

"సూరి మావ పెట్టె మూస్తున్నాడు," అన్నాడు ప్రమోద్. "ఇంకా పిలవలేదు."